శ్వాసనాళాల వాపు: ఊపిరాడించే మందా, వాపు తగ్గించే మందా? ఎవరికి ఏది తగును

ఆయాసం వచ్చినప్పుడు రెండు పఫ్‌లతో ఊపిరాడించే ఇన్‌హేలర్‌ను ఎవరూ వదులుకోరు. రోజూ పీల్చినా వెంటనే తేడా తెలియని ఇన్‌హేలర్‌ను మాత్రం నెల తిరగకుండానే మూలన పడేస్తారు. శ్వాసనాళాల జబ్బుల్లో తప్పించుకోగలిగిన నష్టంలో పెద్ద వాటా ఈ ఒక్క అలవాటుదే. అందుకే మందుల పేర్లు, పరికరాల రకాలు పోల్చుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. చేతిలో ఉన్నది నాళాన్ని కాసేపు తెరిచే మందా, లోపలి వాపును తగ్గించే మందా? కింది పోలికలన్నింటికీ ఆధారం ఇదే. మోతాదులు నిర్ణయించాల్సింది మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడే. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏం చెప్పాలో తెలియడానికి ఈ వివరాలు పనికొస్తాయి.

నాళం ఎందుకు ఇరుకవుతుంది

శ్వాసనాళం ఛాతీలో రెండుగా చీలుతుంది. ఆ కొమ్మలు మళ్లీ మళ్లీ చీలుతూ 20కి పైగా అంచెలు దాటి గాలిగదులను చేరతాయి. లోతుకు వెళ్లేకొద్దీ నాళాలు మిల్లీమీటరుకన్నా సన్నబడతాయి. ఈ నాళాలు మూడు రకాలుగా ఇరుకవుతాయి. చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవచ్చు. లోపలి పొర వాచి ఉబ్బవచ్చు. కఫం చిక్కబడి దారికి అడ్డం పడవచ్చు. సన్నని నాళంలో గాలి నిదానంగా సాగుతున్నప్పుడు వ్యాసార్ధం సగానికి తగ్గితే నిరోధం రెట్టింపు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. కొద్దిపాటి వాపుకే అంత ఆయాసం ఎందుకు వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. చిన్నపిల్లల నాళాలు పుట్టుకతోనే సన్నవి కాబట్టి వాళ్లకు మరీ త్వరగా ఇబ్బంది వస్తుంది.

సాల్‌బుటమాల్ లాంటి మందులు ఈ మూడింటిలో మొదటిదాని మీదే పనిచేస్తాయి. బిగిసిన కండరాన్ని సడలిస్తాయి, వాపు జోలికి మాత్రం పోవు. ఇంట్లో మంట రగులుతూ ఉండగా కిటికీలు తెరిచి పొగ బయటికి పంపడం లాంటిదది. ఊపిరి తప్పకుండా ఆడుతుంది, కిటికీ తెరవడం అవసరం కూడా. మంట ఆర్పే పని మాత్రం మిగిలే ఉంటుంది. ఆస్తమాలో ఆ పని చేసేది పీల్చే స్టెరాయిడ్: బుడెసొనైడ్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్ వంటివి. ఇవి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వ్యవధిలో వాపును తగ్గిస్తాయి. పీల్చిన వెంటనే ఏమీ తెలియకపోవడం ఈ మందుల స్వభావం. అది మందు పనిచేయడం లేదనడానికి గుర్తు కాదు.

ముందు జబ్బేదో తేలాలి

దగ్గు, కఫం, పిల్లికూతలు చాలా జబ్బుల్లో ఒకేలా ఉంటాయి. చికిత్సలు మాత్రం ఒకటి కావు. ఒక జబ్బుకు ప్రాణం పోసే మందు మరో జబ్బుకు వృథా కావచ్చు, కొన్నిసార్లు హాని కూడా చేయవచ్చు.

జలుబుతో మొదలై, ఛాతీలోకి దిగి, వారాల తరబడి దగ్గించేది తాత్కాలిక బ్రాంకైటిస్. దీనికి కారణం పదిలో తొమ్మిదికి పైగా సందర్భాల్లో వైరస్‌లే. దగ్గు సగటున రెండున్నర వారాలు ఉంటుంది, మూడు వారాలు దాటినా ఆశ్చర్యం లేదు. చాలామంది వారం పది రోజులకే ఓపిక పోయి మందులు మారుస్తుంటారు. దగ్గు దానంతటదే తగ్గే సమయానికి ఏ మందు చేతిలో ఉంటే దానికి ఆ పేరు దక్కుతుంది.

ఆస్తమా తీరు వేరు. అది వస్తూ పోతూ ఉంటుంది. రాత్రి మూడో జామున, తెల్లవారుజామున ఎక్కువవుతుంది. దుమ్ము, పుప్పొడి, చలిగాలి, పరుగు, నవ్వు, జలుబు, వీటిలో ఏదైనా దాన్ని రేపగలదు. ఇంట్లో ఇంకొకరికి ఆస్తమా, ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి, అలర్జీ తుమ్ములు ఉంటే అనుమానం బలపడుతుంది. కొందరిలో పిల్లికూతలు, ఆయాసం ఏమీ లేకుండా పొడి దగ్గే ఆస్తమా రూపంలో ఉంటుంది. వాళ్లు ఏళ్ల తరబడి దగ్గు సిరప్‌లు తాగుతూ గడిపేస్తారు.

సీవోపీడీ అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు. ఇది సాధారణంగా నలభై దాటాక బయటపడుతుంది. పొగాకు, కట్టెల పొయ్యి పొగ, పనిచేసే చోట దుమ్ము, రసాయనాలు ఏళ్ల తరబడి పీల్చినవారిలో వస్తుంది. ఇందులో ఆయాసం ఒక రోజు ఉండి ఒక రోజు పోదు, ఏడాదికేడాది మెల్లగా ముదురుతుంది. వరుసగా రెండేళ్లు, ఏటా కనీసం మూడు నెలల పాటు కఫంతో దగ్గు ఉంటే దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. అది చాలాసార్లు సీవోపీడీతో కలిసే ఉంటుంది.

ఆస్తమాను, సీవోపీడీని విడదీసే పరీక్ష స్పైరోమెట్రీ. గట్టిగా ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది అన్నది కొలుస్తారు. నాళాలను తెరిచే మందు ఇచ్చాక మళ్లీ ఊదిస్తారు. పెద్దవారిలో మొదటి సెకను గాలి 12 శాతం, దానితోపాటు 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమా వైపు మొగ్గు. మందు తర్వాత కూడా మొదటి సెకను గాలి మొత్తంలో 70 శాతం లోపే ఉండిపోతే సీవోపీడీ వైపు మొగ్గు. ఆస్తమా శాంతించి ఉన్న రోజున పరీక్ష మామూలుగా రావచ్చు, అంతమాత్రాన జబ్బు లేదని కాదు. అప్పుడు, ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్‌తో రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఊది రాసుకున్న అంకెలు ఎంతో ఉపయోగపడతాయి. ఎక్స్‌రే ఆస్తమాను నిర్ధారించలేదు. న్యుమోనియా, క్షయ, గుండె పెరగడం వంటివి ఉన్నాయా అని చూడటానికే అది ఎక్కువగా పనికొస్తుంది.

మరో రెండు విషయాలు తప్పక చూసుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు, అందులోనూ బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, కఫంలో రక్తం ఉంటే, క్షయ పరీక్ష చేయించాలి. వాడుతున్న మందుల జాబితా కూడా వైద్యుడికి చూపించాలి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు మొండి పొడి దగ్గు తెప్పించగలవు. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు ఆస్తమాను రేపగలవు, గ్లకోమాకు వేసుకునే టిమొలాల్ కంటిచుక్కలు కూడా అంతే. కంటిచుక్కలను మందుల జాబితాలో చెప్పడం చాలామందికి తట్టదు.

రిలీవర్ ఒక్కటే చాలా?

ఎంపికలో అన్నింటికన్నా బరువైన ప్రశ్న ఇదే.

రిలీవర్ అంటే సాల్‌బుటమాల్ వంటి మందు. నిమిషాల్లో పనిచేస్తుంది, ప్రభావం 4 నుంచి 6 గంటలు ఉంటుంది. కంట్రోలర్ అంటే రోజూ పీల్చే స్టెరాయిడ్ లేదా స్టెరాయిడ్ ఉన్న జంట మందు. అప్పుడప్పుడే ఆయాసం వచ్చేవారికి రిలీవర్ ఒక్కటే ఇచ్చి పంపడం దశాబ్దాల పాటు వైద్యంలో మామూలు పద్ధతి. ఆ పద్ధతిలోని ప్రమాదం ఒక్క రోజులో తెలిసింది కాదు. 1976లో న్యూజిలాండ్‌లో ఫెనోటెరాల్ అనే శక్తిమంతమైన రిలీవర్ వాడకంలోకి వచ్చాక అక్కడ ఆస్తమా మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. 1989 నుంచి వచ్చిన అధ్యయనాలు వేలెత్తి చూపడంతో దాన్ని కట్టడి చేశారు, మరణాలు బాగా తగ్గాయి. ఇప్పుడున్న సాల్‌బుటమాల్ సరైన మోతాదులో సురక్షితమైన మందే. అది ఇచ్చే ఉపశమనం చాటున వాపు పెరిగిపోవడంలోనే ప్రమాదం ఉంది. రోజూ ఎక్కువసార్లు వాడితే దాని పట్టు కూడా తగ్గుతుంది.

ఆస్తమా చికిత్సకు అంతర్జాతీయంగా దారి చూపే గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా 2019లో తన సలహాను మార్చింది. పెద్దవారిలో, 12 ఏళ్లు దాటిన పిల్లల్లో సాల్‌బుటమాల్ వంటి రిలీవర్ ఒక్కదానితో చికిత్స చేయకూడదని, జబ్బు ఎంత తక్కువగా ఉన్నా పీల్చే స్టెరాయిడ్ ఏదో ఒక రూపంలో అందాలని చెప్పింది. నెలకు ఒకటి రెండు సార్లే ఆయాసం వచ్చేవారికి కూడా తీవ్రమైన ఎటాక్ రావచ్చన్నది ఈ మార్పుకు మూలం.

ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటిది పాతది: పూటపూటకూ స్టెరాయిడ్ పీల్చుతూ, ఆయాసం వచ్చినప్పుడు సాల్‌బుటమాల్ వాడటం. క్రమం తప్పనివారికి ఇది చక్కగా పనిచేస్తుంది. రెండోది కొత్తది: బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్‌ను అవసరమైనప్పుడు పీల్చడం. ఫార్మోటెరాల్ ఎక్కువ గంటలు పనిచేసే మందే అయినా మూడు నిమిషాల్లోపే నాళాన్ని తెరవడం మొదలుపెడుతుంది. ఆయాసం తీర్చుకోవడానికి పీల్చిన ప్రతిసారీ కొంత స్టెరాయిడ్ కూడా లోపలికి చేరుతుంది. జబ్బు కాస్త ఎక్కువ ఉన్నవారు ఇదే ఇన్‌హేలర్‌ను రోజుకు ఒకటి రెండు సార్లు క్రమంగా వాడుతూ, అవసరమైనప్పుడు కూడా దాన్నే పీల్చవచ్చు. 200/6 రకానికి (పఫ్‌కు 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్, 6 మైక్రోగ్రాముల ఫార్మోటెరాల్) పెద్దవారిలో ఒక రోజు గరిష్ఠం, అన్నీ కలిపి, 12 పఫ్‌లు. అంత వాడాల్సి వచ్చిన రోజున వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

నా సలహా అడిగితే, మందు మరిచిపోయే స్వభావం ఉన్నవారికి, తక్కువ లక్షణాలు ఉన్నవారికి రెండో దారే మేలని చెబుతాను. మనిషి స్వభావానికి ఎదురీదకుండా, ఆయాసం వస్తేనే మందు గుర్తొచ్చే అలవాటును అది మంచికి మళ్లిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ఇది ఫార్మోటెరాల్ ఉన్న జంటకే వర్తిస్తుంది. సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్ కలిసిన ఇన్‌హేలర్ రోజువారీ వాడకానికి మంచిదే. అయితే సాల్మెటెరాల్ నిదానంగా పని మొదలుపెడుతుంది కాబట్టి దాన్ని ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందుగా వాడకూడదు. డబ్బాలు చూడటానికి ఒకేలా ఉండటం వల్ల ఈ తికమక తరచూ జరుగుతుంది. స్టెరాయిడ్ తోడు లేకుండా సాల్మెటెరాల్‌ను గానీ ఫార్మోటెరాల్‌ను గానీ ఆస్తమాకు ఒంటరిగా వాడకూడదు, అది ప్రాణాపాయం.

మీ జబ్బు అదుపులో ఉందో లేదో గడిచిన నాలుగు వారాలను తలచుకుంటే తెలుస్తుంది. పగటిపూట లక్షణాలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? రాత్రి దగ్గు, ఆయాసంతో మెలకువ వచ్చిందా? వారానికి రెండుసార్లకు మించి రిలీవర్ అవసరమైందా? చేయాలనుకున్న పని ఆయాసం వల్ల మానుకున్నారా? ఒక్కదానికైనా అవునంటే చికిత్సలో ఏదో సరిపోవడం లేదు. 200 పఫ్‌ల సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్లు ఏడాదికి మూడు, అంతకు మించి ఖర్చవుతున్నాయంటే తీవ్రమైన ఎటాక్ వచ్చే అవకాశం పెరిగినట్టే లెక్క.

మాత్రా, ఇన్‌హేలరా, నెబ్యులైజరా

ఇన్‌హేలర్ ఆఖరి దశ మందని, ఒకసారి మొదలుపెడితే వదలదని చాలామంది భయపడతారు. ఆ భయంతో మాత్రలకు, సిరప్‌లకు మొగ్గుతారు. అంకెలు చూస్తే ఏది ఎక్కువ మందో వెంటనే తెలుస్తుంది. సాల్‌బుటమాల్ ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రగా 2 లేదా 4 మిల్లీగ్రాములు. అంటే 4 మిల్లీగ్రాముల మాత్రలో 40 పఫ్‌ల మందు ఉంది. అది కడుపులోంచి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి, కొద్దిగా ఊపిరితిత్తులకు చేరుతుంది. చేతులు వణకడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం దాని పర్యవసానమే. పైగా నిదానంగా పనిచేస్తుంది. నోటి ద్వారా తీసుకునే సాల్‌బుటమాల్‌కు ఆస్తమాలో ఇప్పుడు చోటు దాదాపు లేదు. అలవాటు పడటం అన్నమాట కూడా నిజం కాదు. రోజూ మందు కావలసి వస్తోందంటే అది దీర్ఘకాలిక జబ్బు కావడం వల్లే.

నెబ్యులైజర్‌కు ఉన్న గౌరవం మరో రకం. యంత్రం చప్పుడు, పొగమంచులా వచ్చే మందు చూసి అదే బలమైన చికిత్స అనుకుంటాం. మామూలు నుంచి ఒక మోస్తరు తీవ్రత ఉన్న ఆస్తమా ఎటాక్‌లో స్పేసర్ అనే బోలు గొట్టం తగిలించిన ఇన్‌హేలర్ దానికి ఏమాత్రం తీసిపోదని ఎన్నో పరిశోధనలు చూపించాయి. పిల్లల్లో గుండె వేగం పెరగడం స్పేసర్‌తోనే తక్కువ, ఎమర్జెన్సీలో గడిపే సమయం కూడా తక్కువే. స్పేసర్‌కు కరెంటు అక్కరలేదు, సంచిలో పడుతుంది, రెండు నిమిషాల్లో పని పూర్తవుతుంది. నెబ్యులైజర్‌కు పది నిమిషాల దాకా పడుతుంది. కప్పు, మాస్కు వాడిన ప్రతిసారీ శుభ్రం చేయకపోతే సూక్ష్మజీవులు చేరతాయి.

మరి నెబ్యులైజర్ ఎవరికి? స్పేసర్‌తో కూడా పీల్చలేనంత నీరసంగా ఉన్న వృద్ధులకు, మతిమరుపు జబ్బు వల్ల చెప్పినట్టు చేయలేనివారికి, ఆసుపత్రిలో ఆక్సిజన్‌తో కలిపి మందు ఇవ్వాల్సిన తీవ్రమైన ఎటాక్‌లో. ఇంట్లో ఒకటి ఉంచుకుంటే తప్పు లేదు. దాన్ని నమ్ముకుని గంటగంటకూ పెడుతూ ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తే ప్రమాదం.

ఆవిరి పట్టడం గురించి ఒక మాట. ముక్కుదిబ్బడకు కాసేపు హాయిగా ఉండవచ్చు, శ్వాసనాళాల వాపును అది తగ్గించదు. వేడినీళ్లు ఒలికి పిల్లలు కాలిన ఘటనలు చాలా ఉన్నాయి కాబట్టి పిల్లలకు వద్దు.

స్ప్రే ఇన్‌హేలర్, పొడి ఇన్‌హేలర్

మందు ఒకటే అయినా ఈ రెండింటినీ పీల్చే పద్ధతులు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. స్ప్రే రకానికి నిదానం కావాలి. బాగా ఊపి, ఊపిరి వదిలి, పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. మూడు నుంచి ఐదు సెకన్లు మెల్లగా, లోతుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కు ముందు అర నిమిషం ఆగాలి. నొక్కడం, పీల్చడం ఏకకాలంలో కుదరకపోతే మందులో ఎక్కువ భాగం గొంతులోనే ఆగిపోతుంది. ఈ ఇబ్బందిని తీర్చేదే స్పేసర్. మందు ముందు గొట్టంలో నిలుస్తుంది, తర్వాత నెమ్మదిగా పీల్చుకోవచ్చు. స్ప్రేలో స్టెరాయిడ్ వాడే ప్రతి ఒక్కరికీ, పిల్లలైనా పెద్దలైనా, స్పేసర్ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. దాన్ని సబ్బునీటిలో కడిగి అలాగే ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే గోడలకు స్థిరవిద్యుత్ పుట్టి మందును పట్టేసుకుంటుంది.

పొడి రకానికి వేగం కావాలి. పరికరానికి దూరంగా ఊపిరి వదిలి, పెదవులు బిగించి, ఒక్క ఉదుటున బలంగా, లోతుగా లాగాలి. పొడిని చెదరగొట్టి ఊపిరితిత్తులకు పంపే శక్తి మీ ఊపిరిదే. నొక్కడం, పీల్చడం కుదరనివారికి ఇది సుఖం. ఆరేళ్లలోపు పిల్లలకు, ఊపిరి బాగా బలహీనపడినవారికి, తీవ్రమైన ఎటాక్‌లో ఉన్నవారికి ఇది నప్పదు. పరికరంలోకి ఊదినా, స్నానాలగదిలో ఉంచినా తేమకు పొడి గడ్డకడుతుంది. రిలీవర్ ఒక రకం, కంట్రోలర్ ఇంకో రకం ఉన్నవారు రెండు పద్ధతులనూ కలిపేసుకోవడం సహజం. వీలైతే రెండూ ఒకే రకంలో రాయమని వైద్యుణ్ని అడగండి.

ఐదేళ్లలోపు పిల్లలకు స్ప్రే, స్పేసర్ ఉండాలి. నోటితో గొట్టం పట్టుకోలేని వయసులో ముఖానికి అంటుకునే మాస్కు కూడా ఉండాలి. ఏడుస్తున్న బిడ్డకు పెట్టిన మందు లోపలికి చేరేది చాలా తక్కువ.

మందు పనిచేయడం లేదని మార్చబోయే ముందు, ఒకసారి వైద్యుడి ముందు పీల్చి చూపించండి. పద్ధతి సరిచేసుకుంటే చాలామందికి మందు పెంచాల్సిన అవసరమే రాదు. డోసుల లెక్క చూపించే ఇన్‌హేలర్ దొరికితే దాన్నే తీసుకోండి. డబ్బాను నీళ్లలో వేసి తేలుతోందా అని చూసే పద్ధతి నమ్మదగింది కాదు. మందు అయిపోయాక కూడా గాలి బుస్సుమని వస్తూనే ఉంటుంది.

స్టెరాయిడ్ భయం: ఏ రూపానికి ఎంత

స్టెరాయిడ్ మాట వినగానే భయపడటంలో అర్థముంది. అయితే ఆ భయం చూపాల్సిన చోట చూపడం లేదు. పీల్చే బుడెసొనైడ్ తక్కువ మోతాదు రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. ఎటాక్ వచ్చినప్పుడు మింగే ప్రెడ్నిసలోన్ రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే 40,000 మైక్రోగ్రాములు. మందులు వేరు, బలం వేరు కాబట్టి అంకెకు అంకె పోల్చలేం. అయినా అంతరం ఎంతో తెలుస్తుంది.

పీల్చే స్టెరాయిడ్‌తో సాధారణంగా వచ్చేవి గొంతు బొంగురు, నోట్లో తెల్లటి పూత. పీల్చిన వెంటనే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే, స్పేసర్ వాడితే ఇవి చాలావరకు రావు. పిల్లల ఎత్తు గురించి తల్లిదండ్రుల దిగులు న్యాయమైనదే. బుడెసొనైడ్ ఏళ్ల తరబడి వాడిన పిల్లలను పెద్దయ్యేవరకు గమనించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో తేడా సగటున 1.2 సెంటీమీటర్లు. అదుపు తప్పిన ఆస్తమా కూడా ఎదుగుదలను దెబ్బతీస్తుంది, బడిని, ఆటను, నిద్రను పాడుచేస్తుంది. పనిచేసే కనిష్ఠ మోతాదు వాడుతూ, ఏడాదికోసారి ఎత్తు కొలిపించడం సరైన దారి.

మింగే స్టెరాయిడ్‌ను ఎటాక్‌లో ఐదు నుంచి ఏడు రోజులు వాడటం ప్రాణాలు కాపాడుతుంది, దానికి వెనకాడకూడదు. అదే కోర్సు మళ్లీ మళ్లీ రావడం వేరే సంగతి. ఎముకలు పలచబడటం, చక్కెర పెరగడం, కంటిశుక్లం, అడ్రినల్ గ్రంథి మందగించడం వంటివి అప్పుడు మొదలవుతాయి. ఆయాసం వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ సూది వేయించుకుని, రోజూ పీల్చే మందుకు మాత్రం భయపడి దూరంగా ఉండేవాళ్లను చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. తప్పించుకోవాలనుకున్నదాన్నే ఎన్నో రెట్లు ఒంట్లోకి ఎక్కించుకుంటున్నారు. ఏడాదిలో రెండుసార్లు మింగే స్టెరాయిడ్ అవసరమైతే రోజువారీ చికిత్సను మళ్లీ పరిశీలించాలి.

గర్భిణులు భయపడి ఇన్‌హేలర్ మానేయకూడదు. తల్లికి ఆయాసం వస్తే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది. పీల్చే స్టెరాయిడ్లలో బుడెసొనైడ్‌కు గర్భిణుల విషయంలో ఎక్కువ అనుభవం ఉంది.

యాంటీబయాటిక్ ఎప్పుడు

తాత్కాలిక బ్రాంకైటిస్‌కు దాదాపు ఎప్పుడూ వద్దు. వేసుకున్నా దగ్గు తగ్గేది సగటున అర రోజు ముందు. విరేచనాలు, దద్దుర్లు, మందుకు లొంగని సూక్ష్మజీవులు అదనంగా వస్తాయి. కఫం పచ్చగా ఉందని అడిగి రాయించుకోవడం సరికాదు. ఆ రంగు తెల్లకణాల్లోని ఒక ఎంజైము వల్ల వస్తుంది, వైరస్ జబ్బులోనూ వస్తుంది. దగ్గు నిద్ర చెడగొడుతుంటే ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు ఒక చెంచా తేనె కొంత మేలు చేస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు తేనె పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన విషప్రభావం రావచ్చు. జ్వరం తగ్గకపోవడం, ఊపిరి వేగం, ఛాతీలో ఒకచోట పోటు ఉంటే అది న్యుమోనియా కావచ్చు. అప్పుడు లెక్క మారుతుంది.

సీవోపీడీలో ఇదే ప్రశ్నకు జవాబు వేరు. ఆయాసం, కఫం పరిమాణం రెండూ పెరిగి, కఫం చీములా మారితే యాంటీబయాటిక్ మేలు చేస్తుంది.

రెండేళ్లలోపు పిల్లలకు వైరస్ వల్ల అతి సన్నని నాళాలు వాచి వచ్చే బ్రాంకియోలైటిస్‌లో యాంటీబయాటిక్, స్టెరాయిడ్, సాల్‌బుటమాల్ ఏవీ మామూలుగా పనిచేయవు. ముక్కు శుభ్రం చేయడం, కొద్దికొద్దిగా పాలు పట్టడం, అవసరమైతే ఆక్సిజన్, అంతే. కుక్క మొరిగినట్టు దగ్గే క్రూప్‌లో మాత్రం ఒకే ఒక్క డోసు డెక్సామెథాసోన్ చక్కగా పనిచేస్తుంది. రెండూ పసిపిల్లల శ్వాసనాళాల వాపే, చికిత్సలకు పొంతన లేదు.

సీవోపీడీ అయితే

ఆస్తమాలో మొదటి మందు స్టెరాయిడ్ అయితే, ఇక్కడ మొదటి వరస టియోట్రోపియం వంటి దీర్ఘకాలం పనిచేసే నాళం తెరిచే మందులది. ఒకటి చాలకపోతే రెండు రకాలు కలిపిన ఇన్‌హేలర్ ఇస్తారు. ఇక్కడ వాపు స్వభావం వేరు, స్టెరాయిడ్‌కు అంతగా లొంగదు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 300 దాటి, తరచూ జబ్బు తిరగబెడుతుంటే స్టెరాయిడ్ చేరిస్తే లాభం. 100 లోపు ఉంటే లాభం తక్కువ, న్యుమోనియా ప్రమాదం ఎక్కువ. మామూలు రక్తపరీక్షలోనే తెలిసే అంకె ఇది, అడిగి చూపించుకోండి.

ఊపిరితిత్తుల శక్తి తరిగిపోయే వేగాన్ని తగ్గించడంలో పొగ మానడానికి సాటి వచ్చే ఇన్‌హేలర్ లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు నేర్పించే ఊపిరితిత్తుల పునరావాస వ్యాయామం నడకను, ధైర్యాన్ని పెంచుతుంది, దీన్ని రాయించుకునేవారు చాలా తక్కువ. ఫ్లూ, న్యూమోకోకల్ టీకాలు కూడా మందుల జాబితాలో భాగమే. ఇంట్లో ఆక్సిజన్ ఆయాసం తీర్చే మందు కాదు. విశ్రాంతిలో రక్తంలోని ఆక్సిజన్ శాచురేషన్ 88 శాతం, అంతకు లోపు స్థిరంగా ఉన్నవారికి రోజుకు కనీసం 15 గంటలు ఇస్తే ఆయుష్షు పెరుగుతుంది.

మిగిలిన మందులు

మాంటెలుకాస్ట్ మాత్ర అలర్జీ తుమ్ములు కూడా ఉన్నవారికి కొంత తోడ్పడుతుంది. పీల్చే స్టెరాయిడ్‌కు అది సాటి రాదు. పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కలగవచ్చని 2020లో అమెరికా ఔషధ సంస్థ అన్నింటికన్నా తీవ్రమైన హెచ్చరిక జోడించింది. పిల్లల ప్రవర్తన మారితే వెంటనే చెప్పాలి. నాళం తెరిచే పాత మందు థియోఫిలిన్‌లో పనిచేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య ఎడం తక్కువ. సిప్రోఫ్లాక్ససిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు తోడైతే అది రక్తంలో పెరిగిపోతుంది. ఒమాలిజుమాబ్, మెపొలిజుమాబ్ వంటి బయొలాజిక్ సూదులు, సరైన పద్ధతిలో ఎక్కువ మోతాదు ఇన్‌హేలర్ వాడినా లొంగని తీవ్ర ఆస్తమాకే. ముక్కు అలర్జీ ఉన్నవారు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రేను నిర్లక్ష్యం చేయకూడదు. పై దారి వాచి ఉంటే కింది దారి కూడా నెమ్మదించదు.

ఇంట్లో ఆగకూడని వేళ

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, పిల్లల్లో డొక్కలు ఎగరడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం, మగతగా ఉండటం, రిలీవర్ ఇచ్చినా తేలిక పడకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి బయలుదేరాలి. వెంటనే సాల్‌బుటమాల్ స్పేసర్ ద్వారా ఒక్కో పఫ్ చొప్పున 4 నుంచి 10 పఫ్‌లు ఇవ్వవచ్చు. 20 నిమిషాల తర్వాత దారిలోనూ మళ్లీ ఇవ్వవచ్చు. కూర్చోబెట్టండి, పడుకోబెట్టవద్దు. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసపడితే తగ్గిందనుకోకూడదు, గాలి ఆడటమే ఆగిపోతోందని అర్థం. పల్స్ ఆక్సీమీటర్ చర్మం ముదురు రంగులో ఉన్నవారిలో అసలుకన్నా కాస్త ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి అంకెకన్నా మనిషిని చూసి నిర్ణయించండి.

ఆస్తమా రెండు మూడు నెలలు పూర్తిగా అదుపులో ఉంటే మోతాదు తగ్గించే మాట ఎత్తవచ్చు. స్టెరాయిడ్‌ను ఒకేసారి ఆపకుండా, 25 నుంచి 50 శాతం తగ్గించి మళ్లీ రెండు మూడు నెలలు చూస్తారు. జలుబు చేసినప్పుడు, ప్రయాణాల ముందు, గర్భంతో ఉన్నప్పుడు ఈ ప్రయత్నం వద్దు. తగ్గించిన వారాల్లో రోజూ పీక్ ఫ్లో ఊది రాసుకోండి. అంకె దిగినా, రాత్రి దగ్గు మళ్లీ మొదలైనా వెనకటి మోతాదుకు వెళ్లి వైద్యుడికి చెప్పండి.